ఆపరేషనైన ఆరేళ్ళకి మళ్ళీ బరువు పెరిగా, అంతా వృథాయేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గుంటూరు బ్రాడీపేట, నాకు 43 ఏళ్ళు. ఆరేళ్ళ కిందట విజయవాడలో బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నా. అప్పుడు 128 కిలోలు, ఏడాదిన్నరకి 84కి దిగా, షుగర్ మాత్రలు కూడా ఆపేశారు. ఇప్పుడు 95కి వచ్చా, మూడు నెలల షుగర్ 6.9 చూపిస్తోంది. అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయి. బానే ఉన్నా కదా అని విటమిన్ మాత్రలు మానేసి రెండేళ్ళయింది. "లక్షలు పోసి పొట్ట కోయించుకుని ఏం బావుకుంది" అని మా అత్తగారు పెళ్ళిళ్ళలో అందరి ముందూ అంటుంటే ఏడుపొస్తోంది. సిగ్గేసి సర్జన్ గారి దగ్గరకి కూడా వెళ్ళట్లేదు. నా ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?

జవాబు: కాలేదమ్మా. మీరు 84 నుంచి లెక్కేసుకుని బాధపడుతున్నారు, 128 నుంచి వెయ్యండి. ఇవాళ్టికీ 33 కిలోలు తక్కువున్నారు, అంటే పాతిక శాతం పైనే. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్న 2010 మందిని ఏళ్ళ తరబడి చూశారు, అక్కడ కూడా మొదటి ఒకటి రెండేళ్ళలో బాగా తగ్గి తర్వాత కొంత పెరిగినవాళ్ళే ఎక్కువ, 20 ఏళ్ళకి సగటున నిలిచిన తగ్గుదల మొదటి బరువులో 18 శాతం. వాళ్ళవి పాతరకం ఆపరేషన్లు, మీ స్లీవ్ కాదు, కానీ కొంత తిరిగి రావడం మామూలేనని మాత్రం తెలుస్తుంది. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కోసేస్తారు కాబట్టి మొదట్లో ఆకలే తెలీదు, తర్వాత్తర్వాత శరీరం సర్దుకుంటుంది, పొట్ట కూడా కాస్త సాగుతుంది.

షుగర్ సంగతీ అంతే. ఆ స్వీడన్ వాళ్ళలో ముందు షుగర్ ఉన్నవాళ్ళని చూస్తే రెండేళ్ళకి 72 శాతం మందికి షుగర్ కంట్రోల్లోకొచ్చి మందులు పోయాయి, 15 ఏళ్ళకి అలా మిగిలింది 30 శాతం. అయినా కంటికి, కిడ్నీకి వచ్చే ఇబ్బందులు ఆపరేషన్ చేయించుకోనివాళ్ళకంటే వీళ్ళకి తక్కువ. మళ్ళీ మాత్ర వేసుకోవాల్సొస్తే వేసుకోండి, అందులో తలదించుకోవాల్సిందేం లేదు.

నాకు భయం వేస్తోంది మీ బరువు చూసి కాదు, ఆ తిమ్మిర్లు చూసి. షుగర్ వల్లేలే అని వదిలెయ్యకండి. స్లీవ్‌లో పొట్ట ముప్పావు భాగం పైనే తీసేస్తారు, బి12 ఒంటికి పట్టడానికి కావాల్సినవి తయారయ్యేది అక్కడే, అందుకే ఆ మాత్రలు జీవితాంతం అని చెప్పేది. పైకి బానే ఉన్నట్టుంటుంది, ఎందుకంటే లివర్‌లో దాచుకున్న బి12 అయిపోవడానికే ఏళ్ళు పడుతుంది, ఈలోపు నరాలు దెబ్బతింటే కొన్నిసార్లు పూర్తిగా కోలుకోవు. బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే టెస్టు), విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్ చేయించండి, టెస్టుకి ముందు మందుల షాపులో బీకాంప్లెక్స్ కొని మింగేయొద్దు. ఎప్పుడైనా వాంతులు ఆగకుండా అవుతూ నడక తూలినా, చూపు మసకేసినా మాత్రం టెస్టులూ గిస్టులూ అని ఆగకండి, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళి ఫలానా ఆపరేషన్ అయిందని చెప్పండి, బి1 ఇంజెక్షన్ వెంటనే పడాలి.

తిండి గురించి మీరేం రాయలేదు. నా దగ్గరకొచ్చే ఒకామె ఒట్టేసి చెప్పేది, ప్లేట్లో నాలుగు ముద్దలకి మించి తినట్లేదండీ అని, నిజమే, తినట్లేదు. టీవీ పక్కన స్టీలు డబ్బాలో జంతికలుండేవి, మధ్యాహ్నం నుంచి రాత్రిలోపు ఒక్కొక్కటే తీస్తూ డబ్బా సగం ఖాళీ చేసేది. చిన్న పొట్ట ఒకేసారి ఎక్కువ తినడాన్ని ఆపుతుంది గానీ చిరుతిండిని, ఐస్‌క్రీమ్‌ని, జ్యూసుల్ని ఆపలేదు. ముందు గుడ్డో పప్పో పెసరట్టో తిని అన్నం ఆఖర్న తినండి, నీళ్ళు అన్నంతో కాకుండా ఓ అరగంట ఆగి తాగండి.

సర్జన్ గారు తిడతారనుకుంటున్నారేమో, ఇలా తిరిగి పెరిగినవాళ్ళని ఆయన వారం వారం చూస్తూనే ఉంటారు. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, మీకు అవసరమా కాదా ఆయనే చెప్పాలి. పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతికి తీసుకెళ్ళండి, వీలైతే మీవారిని కూడా తీసుకెళ్ళండి, ఈ 33 కిలోల లెక్క ఆయన చెవినా పడితే అత్తగారికి చెప్పాల్సింది ఆయనే చెప్తారు.