కట్టడం, డిజైన్, ఊరి జీవితం కలిసిన డాక్యుమెంటరీ నల్గొండ వైపు దేని మీద తీయవచ్చు?

చాలామంది కెమెరా పట్టుకుని నేరుగా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్తారు. పగలంతా శివలింగం మీద నిలిచే ఆ నీడ అద్భుతమే, కాదనను. కానీ నీడ దగ్గరే సినిమా ఆగిపోతుంది, మనుషులు కనిపించరు.

నన్నడిగితే పోచంపల్లిలో ఒక్క చేనేత ఇల్లు చాలు. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా, ఒకప్పుడు నల్గొండే. అక్కడ మగ్గం ఎంత చోటు అడిగితే ఇల్లు అంత ఇస్తుంది. గుంట మగ్గానికి నేలలో గొయ్యి, నేసేవారి కాళ్లు అందులోనే. పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీయడానికి ఇల్లు చాలకపోతే వీధి ఉంది. ఇక్కత్‌లో రంగు నేతకు ముందే నూలుకు పడుతుంది కనుక నూలుకు కట్లు కట్టడం, అద్దకం, ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోయడం) అన్నీ ఇంటిల్లిపాదికీ పనే. ఆసు పోసే చెయ్యి ఒక చీరకు వేలసార్లు అటూ ఇటూ ఆడుతుంది. ఆ భుజాన్ని నిమిషం పాటు కోత లేకుండా చూపించండి. చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం తన తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం ఎందుకు తయారుచేశారో వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది.

వానాకాలంలోనూ ఒకసారి వెళ్లండి. గుంటలో నీరు ఊరితే మగ్గం ఆగిపోతుంది.