కీమో తర్వాత ఐదు సూదుల బదులు ఒక్క పెగ్ సూది చాలుతుందా?

చాలుతుందండి. కీమోతో పడిపోయే తెల్లకణాలను పెంచడానికి రోజుకొకటి వేసే ఫిల్‌గ్రాస్టిమ్ సూది మాని, మీ అత్తయ్యగారికి ఈసారి ఒకే ఒక్క పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ (పెగ్) రాశారని భయపడుతున్నారు కదా. మా అమ్మకు తిరుపతిలో రొమ్ము క్యాన్సర్ కీమో జరిగినప్పుడు మాకూ ఇదే టెన్షన్. మేముండేది చిత్తూరులో. మొదటి సైకిల్‌కి, అంటే మొదటి విడత కీమోకి, ఐదు రోజులు వరసగా నర్సు ఇంటికొచ్చి వేసింది. నాలుగో రోజుకి సిరంజి కనబడగానే అమ్మ చీరచెంగు నోట్లో కుక్కుకునేది. రెండో సైకిల్ నుంచి పెగ్‌కి మార్చారు.

లోపలున్న మందు అదే. దానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి గొలుసు తగిలిస్తారు, అంతే. మామూలు మందును కిడ్నీలు గంటల్లోనే వడగట్టి పంపేస్తాయి. గొలుసు తగిలాక అది ఆ జల్లెడలో దిగదు. ఇక దాన్ని ఖర్చు చేసేవి ముఖ్యంగా న్యూట్రోఫిల్ తెల్లకణాలే. ఆ కణాల కౌంట్ తక్కువున్నన్నాళ్లూ మందు ఒంట్లో నిలిచి ఉంటుంది, కౌంట్ లేచేకొద్దీ ఆ కణాలే దాన్ని ఖాళీ చేస్తాయి. డాక్టరమ్మ ఈ మాట చెప్పాకే నాకు ధైర్యం వచ్చింది. కొత్త ప్రయోగమేమీ కాదు, అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చిన మందు.

కీమో పూర్తయి 24 గంటలు గడిచాకే వేయించండి. ఊరికి వెళ్లే తొందరలో అదే రోజు వేసేయమని అడగొద్దు.

మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మేం మొదటిసారి కొన్నప్పుడు షాపువాళ్లు ఐస్ లేకుండా ఉత్త పాలిథిన్ కవర్లో పెట్టిచ్చారు. మే నెల ఎండ. బస్సు చంద్రగిరి దాటాక పెట్టె ముట్టుకుంటే వెచ్చగా తగిలింది, నా గుండె జారిపోయింది. అది వాడకుండా ఇంకొకటి కొన్నాం. మీరు ఐస్‌ప్యాక్ డబ్బా వెంట తీసుకెళ్లండి. పెట్టె నేరుగా ఐస్‌కి తగలకుండా మధ్యలో గుడ్డ వేయండి, మందు గడ్డకట్టకూడదు.

మూడో రోజు అమ్మకు నడుము, తుంటి ఎముకలు విపరీతంగా లాగాయి. మూలుగలో కణాలు తయారయ్యేటప్పుడు చాలామందికి అలా ఉంటుందట. పారాసెటమాల్ వేసుకోవచ్చా అని డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి. మాత్ర వేసే ముందు ప్రతిసారీ థర్మామీటర్ పెట్టి చూడాలి, లేకపోతే ఆ మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరినా, దాటినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎడమవైపు పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వచ్చినా అంతే, తెల్లారేదాకా ఆగొద్దు.