అమ్ములూ, హత్య కంటే ముందు హాజరు పట్టీ రాసుకో

అమ్ములూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు చాప్టర్లూ చదివా, రెండుసార్లు చదివా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని మరీ చదివా. మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, అది ఏదో హత్య కథ రాస్తోంది, చదువు పాడవుతుందేమో నువ్వైనా చెప్పు" అన్నాడు, నేను చెప్పేది ఒకటే, ఆపకు, రాయి. ఆ చెరువు గట్టు మీద ఇద్దరు ఫ్రెండ్స్ పోట్లాడుకునే సీన్ చదువుతుంటే నాకు గుండె దడదడలాడింది, నీకు కథ చెప్పడం వచ్చు. కాకపోతే నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో 22 ఏళ్ళు మేట్రన్‌గా, అంటే హాస్టల్లో పిల్లల బాగోగులు చూసుకునే మనిషిగా చేశా కదా, నీ కథలోని ఇంగ్లండ్ స్కూల్లో అడుగుపెట్టగానే ఇది నాకు తెలిసిన చోటు కాదు అనిపించింది. అది సరిచేసుకుంటే చాలు, మిగతాది నీ చేతిలోనే ఉంది.

నువ్వు రాసింది మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ, పేర్లు మాత్రం ఇంగ్లీషువి. వార్డెన్, స్టడీ అవర్, ఆదివారం ఔటింగ్, ఏప్రిల్‌లో సెలవులు. ఇక్కడ హాస్టల్ అనరు, హౌస్ అంటారు, ఒక స్కూల్లో ఆరో ఎనిమిదో హౌస్‌లు ఉంటాయి, ఒక్కోదాంట్లో యాభై అరవై మంది, పైన హౌస్‌మిస్ట్రెస్, ఆవిడ భర్తా పిల్లలూ కుక్కతో సహా అదే బిల్డింగ్‌లో ఓ పక్కన కాపురం ఉంటుంది. స్టడీ అవర్‌ని ప్రెప్ అంటారు, వారాంతం ఇంటికి పంపేదాన్ని ఎగ్జియాట్ అంటారు, ఒంట్లో బాలేకపోతే పడుకోబెట్టే చోటు సాన్. మే, జూన్ అంటే పరీక్షలు, ఎండాకాలం సెలవులు జులైలో మొదలై సెప్టెంబర్ దాకా. పబ్లిక్ స్కూల్ అంటే సర్కారు బడి అనుకుని ఒక చోట రాశావు, ఇక్కడ ఆ మాటకి అర్థం తలకిందులు, పాతకాలం నుంచి ఉన్న ఫీజులు కట్టే ప్రైవేటు స్కూళ్ళనే అలా అంటారు, వించెస్టర్ 1382లో పెట్టారు, ఈటన్ 1440లో, మన నెహ్రూ గారు చదివిన హ్యారో కూడా ఆ బాపతే.

ఇప్పుడు అసలు విషయం. నీ కథలో ఆ అమ్మాయి సాయంత్రం ఆరింటికి కనపడకుండా పోతే పొద్దున దాకా ఎవరికీ తెలియలేదన్నావు. అలా జరగదమ్మా. పొద్దున లేవగానే హాజరు, బ్రేక్‌ఫాస్ట్‌కి హాజరు, క్లాసు క్లాసుకీ హాజరు, మధ్యాహ్నం ఆటలకి, టీకి, ప్రెప్‌కి, మళ్ళీ పడుకునే ముందు. టౌన్‌కి వెళ్తే సంతకం పెట్టి వెళ్ళాలి, వచ్చి సంతకం పెట్టాలి. నా సర్వీసులో ఒక పిల్ల ప్రెప్‌కి పది నిమిషాలు లేటయితే నేను బాత్రూమ్‌లు, మ్యూజిక్ రూములు, సాన్ అన్నీ వెతికేదాన్ని, అయినా దొరక్కపోతే హౌస్‌మిస్ట్రెస్‌కి ఫోన్, ఇంకా దొరక్కపోతే పోలీసులకి. అందుకని నువ్వు హత్య ఎలా అని ఆలోచించకముందు ఆ హౌస్‌లో ఒక రోజు మొత్తం హాజరు పట్టీ రాసుకో, పెద్ద చార్ట్ మీద, అరగంట అరగంటకీ గీతలు కొట్టి. ఎవరు ఎక్కడున్నారో అందరికీ తెలిసే చోట నువ్వు ఒక మనిషిని చంపిస్తున్నావు, ఆ పట్టీలో ఎక్కడో ఒక పది నిమిషాల సందు ఉంది, ఆ సందే నీ కథ. నువ్వు పెట్టిన రహస్య సొరంగం తీసేయ్, సొరంగం ఉంటే ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళొచ్చు, అప్పుడు చదివేవాళ్ళకి బుర్ర పెట్టి వెతకడానికి ఏమీ మిగలదు.

ఆ సందు ఎలా ఉంటుందో నేను చూసింది ఒకటి చెప్తా. ఒక ఫిబ్రవరి రాత్రి రెండింటికి ఫైర్ అలారం మోగింది, సెన్సర్ పాడై మోగింది అని తర్వాత తెలిసిందిలే, అందరూ డ్రెస్సింగ్ గౌన్లు వేసుకుని టెన్నిస్ కోర్టులో వరసగా నిలబడ్డారు, నేను టార్చి వేసి పేర్లు పిలుస్తున్నా. వాన లేదు, కోర్టు పొడిగా ఉంది, ఒక్క పిల్ల స్లిప్పర్లు మాత్రం అంచుల దాకా తడిసి వాటికి గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. ఎక్కడికెళ్ళావే అంటే టాయిలెట్‌కి అంది, నా మొహంలోకి చూడకుండా అంది. మర్నాడు మెల్లగా అడిగితే ఏడ్చేసింది, వాళ్ళది హాంకాంగ్, అమ్మమ్మ ఆస్పత్రిలో ఉంది, ఇక్కడ రాత్రి రెండు అంటే అక్కడ పొద్దున పది, రాత్రి ఫోన్లు మేము తీసుకుని తాళం వేస్తాం కాబట్టి ఒక పాత ఫోన్ అప్పజెప్పి అసలుది దాచుకుంది, సిగ్నల్ దొరికేది లాండ్రీ గది వెనక గడ్డిలోనే. ఆ రాత్రే అక్కడ ఏదైనా ఘోరం జరిగి ఉంటే ఆ తడి స్లిప్పర్లు చూసి అందరం ఆ పిల్లనే అనుమానించేవాళ్ళం కదా. నీ కథలో హంతకురాలు తప్ప అందరూ నిజాలు చెప్తున్నారు, అదే లోపం. పదిహేనేళ్ళ పిల్లలు అందరూ ఏదో ఒకటి దాస్తారు, ఒకరు డైట్ అని అన్నం పారేస్తున్న సంగతి, ఒకరు వేరే హౌస్ పిల్ల ఎస్సే కాపీ కొట్టిన సంగతి, ఒకరు నాన్న ఫీజు కట్టలేకపోతున్న సంగతి. నీ పాత్రలు ఏడుగురు ఉంటే ఏడు అబద్ధాలు ముందే రాసిపెట్టుకో, అందులో ఆరింటి వెనక భయమో సిగ్గో ప్రేమో ఉండాలి.

టైము గురించి ఒక మంచి సంగతి, ఇది నీకు ఇండియాలో ఉంటే తట్టదు. ఇక్కడ అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున రెండు అవ్వగానే గడియారాన్ని ఒంటిగంటకి వెనక్కి తిప్పుతారు. అంటే ఆ రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది! తలుపులు తెరవడానికి ఫాబ్ అనే చిన్న ఎలక్ట్రానిక్ తాళంచెవి ఉంటుంది, అది పెట్టి తెరిస్తే కంప్యూటర్‌లో టైము పడుతుంది, అది తనంతట తానే మారుతుంది, కానీ గోడ గడియారం ఎవరో ఒకరు తిప్పితేనే మారుతుంది, రాత్రి కాపలా ఆయన ఆ గోడ గడియారం చూసి పుస్తకంలో చేత్తో రాసుకుంటాడు అనుకో. రెండు కాగితాలూ నిజమే చెప్తాయి, రెండూ కలవవు. అక్టోబర్ చివర్లో చాలా స్కూళ్ళకి హాఫ్ టర్మ్, అంటే టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవులు, అందుకని నీ స్కూలుకి సెలవులు ఓ వారం ముందే అయిపోయాయని మొదటి చాప్టర్లోనే చెప్పెయ్. అక్కడి నుంచి చీకటి కూడా నీకు సాయం చేస్తుంది, డిసెంబర్‌లో నాలుగు కొట్టకముందే పొద్దు గుంకిపోతుంది, పిల్లలు హాకీ ఆడి వచ్చేసరికే చీకటి. నువ్వేమో ఆరింటికి సూర్యాస్తమయం చూస్తూ కూర్చోబెట్టావు.

పోలీసుల చాప్టర్ మొత్తం మళ్ళీ రాయాలి తల్లీ. ఎఫ్ఐఆర్ లేదు, పంచనామా లేదు, ఇన్‌స్పెక్టర్ పిల్లని లెంపకాయ కొట్టడం అసలే లేదు. డిటెక్టివ్‌లు వస్తారు, తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు గదిని మూసేస్తారు, శవపరీక్షకి స్పెషల్ డాక్టర్ వస్తాడు, అనుమానం ఉన్న చావుల మీద విచారణ చేసే కరోనర్ అనే అధికారికి చెప్తారు. ఎవరినైనా అరెస్టు చేస్తే మామూలుగా 24 గంటలే ఉంచుకోవచ్చు, పెద్ద నేరాలకి పైఅధికారి ఒప్పుకుంటే 36, కోర్టు ఒప్పుకుంటే 96 దాకా. పదేళ్ళు నిండిన పిల్లల మీద కూడా కేసు పెట్టొచ్చు. అన్నిటికంటే నీకు పనికొచ్చేది ఏంటంటే, 18 లోపు పిల్లని అనుమానితురాలిగా ప్రశ్నించాలంటే పక్కన ఒక పెద్దమనిషి ఉండి తీరాలి, అప్రోప్రియేట్ అడల్ట్ అంటారు, 1984 చట్టం నుంచి వస్తున్న రూల్. అమ్మానాన్నా హైదరాబాద్‌లో ఉన్న పిల్లకి ఎవరొస్తారు? ఇక్కడ గార్డియన్ ఉంటే ఆవిడ రావాలి, హౌస్‌మిస్ట్రెస్ వస్తానంటుంది, కానీ ఆవిడే సాక్షి అయినా ఆవిడ మీదే అనుమానం ఉన్నా కూర్చోకూడదు. హౌస్‌మిస్ట్రెస్ ఆ కుర్చీలో కూర్చోడానికి ఎందుకంత ఆరాటపడుతోంది అన్న ఒక్క ప్రశ్నతో ఒక చాప్టర్ నడుస్తుంది. ఆఖర్లో ఉరి అన్నావు, బ్రిటన్‌లో హత్యకి ఉరి 1965లోనే ఆపేశారు.

కారణం కూడా ఇంకాస్త బలంగా ఉండాలి, అసూయ ఒక్కటే సరిపోదు. పెద్ద స్కూళ్ళలో ఫీజు ఏడాదికి 50 వేల పౌండ్లు దాటింది, 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం వ్యాట్ కూడా వేశారు, బర్సరీ, అంటే స్కూలు ఇచ్చే ఫీజు సాయం మీద చదివే పిల్లకి ఒక్క కంప్లయింట్ వస్తే బతుకే పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం నాకు బాగా తెలుసు, రాత్రిళ్ళు మందులిస్తూ చాలామంది కళ్ళల్లో చూశా.

ఒకటి మాత్రం అత్తగా గట్టిగా చెప్తున్నా, ఎలా చంపిందో డోసులూ కొలతలతో రాయకు, నీ పుస్తకం చదివేది పిల్లలు. మేట్రన్ గదిలో తాళం వేసిన అల్మరా, మందుల రిజిస్టర్, లెక్కలో ఒకటి తక్కువైన అడ్రినలిన్ పెన్ను (అలెర్జీ ముదిరితే పొడిచే ఇంజెక్షన్), అంతవరకు చాలు. ఇంకో విషయం, చనిపోయిన అమ్మాయిని మొదటి పేజీలో శవంగా చూపించి మళ్ళీ ఆమె ఊసే ఎత్తలేదు. అది నాకు బాధేసింది. ఆ పిల్ల మంచం అలాగే ఉంటుంది కదా, పక్క మంచం పిల్ల రాత్రి అటు తిరిగి పడుకోలేదు కదా. వాళ్ళమ్మ వచ్చి ట్రంకు పెట్టె సర్దుకునే సీన్ రాయి, తొందరపడకుండా రాయి, ఒక్కో బట్టా మడత పెట్టించు.

ఆ సీన్లోనే నీకు క్లూ కూడా ఇస్తా. ఇక్కడ పిల్లల బట్టలన్నిటికీ, సాక్స్‌కి కూడా, పేరు నేసిన చిన్న టేపు కుట్టాలి, లేకపోతే లాండ్రీలో కలిసిపోతాయి. నేను వేలల్లో కుట్టి ఉంటా. ఒకరి టేపు విప్పి ఇంకొకరిది కుడితే ఎంత నేర్పుగా చేసినా తెలుస్తుంది, కింద బట్ట వెలిసిపోకుండా ముదురు రంగులో చిన్న పట్టీలా మిగిలిపోతుంది, దాని అంచుల్లో పాత సూది రంధ్రాలు, కొత్త టేపు ఆ గుర్తు మీద సరిగ్గా కూర్చోదు. వాళ్ళమ్మ జంపర్, అదే స్వెటర్, మడత పెడుతూ ఇది మా అమ్మాయిది కాదే అనాలి.

మీ నాన్న వచ్చే నెల వచ్చి వెళ్ళేటప్పుడు ఖాళీ టేపు చుట్ట ఒకటి ఇచ్చి పంపుతా. నీ పాత నేవీ బ్లూ స్వెటర్ ఏదైనా ఉంటే దానికి కుట్టు, ఓ ఇరవై సార్లు ఉతికి ఎండలో ఆరేసి, అప్పుడు విప్పి కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూడు, ఏం కనపడితే అది రాసి నాకు పంపు.

మీ అత్త