టీబీ వస్తే మనిషిని ఇంట్లోంచి పంపేయాలా?

అక్కర్లేదు, మందులకు లొంగే మామూలు టీబీ అయితే ఇంట్లో ఉండే నయం చేసుకోవచ్చు. సరైన మందులు మొదలయ్యాక అంటించే గుణం త్వరగా తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకు ఎక్కువ ప్రమాదం జబ్బు బయటపడకముందే.

దీన్ని ప్రపంచానికి తేల్చి చెప్పింది మన మద్రాసే. 1956లో మొదలైన పరిశోధనలో కొందరు పేద రోగులను శానిటోరియంలో (టీబీ రోగులను ఉంచి వైద్యం చేసే ప్రత్యేక ఆసుపత్రిలో), కొందరిని ఇంటి దగ్గరే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు, కుటుంబాలకు అదనంగా అంటలేదు. 1959లో ఫలితాలు వచ్చాక ఎన్నో దేశాల్లో శానిటోరియంల అవసరం తగ్గిపోయింది.

చెన్నైలో మన తెలుగు ఇళ్లలో ఇప్పటికీ రోగికి వేరే కంచం, వేరే స్టీలు గ్లాసు పెడుతుంటారు. పాపం, అది మనసు నొప్పించడమే. టీబీ గాలిలో, దగ్గు తుంపరలతో అంటుతుంది. మొదటి వారాల్లో కావాల్సింది మాస్కు, తెరిచిన కిటికీలు.