మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావట్లేదు!

ప్రశ్న: మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌ని ఐఫోన్‌లో వీడియో తీశాం. ఆ ఫైళ్లను విండోస్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి ఓపెన్ చేస్తే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ మాత్రం రావట్లేదు. కోడెక్ కావాలి, కొనుక్కోండి అంటోంది. నెట్‌లో ఉచిత కోడెక్ ప్యాక్‌లు చాలా కనిపించాయి. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ ప్యాక్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. మీ ఫైళ్లు పాడవలేదు, టెన్షన్ పడాల్సిన పనిలేదు.

ముందు కోడెక్ అంటే ఏంటో చూద్దాం. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే ఒక్కో నిశ్చల చిత్రానికి, దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్‌కి 3 బైట్లు, సెకనుకి 30 ఫ్రేములు అనుకుని లెక్కేస్తే నిమిషానికి 11 జీబీ దాటుతుంది. అదే నిమిషాన్ని మీ ఫోన్ సుమారు 60 ఎంబీలో దాచేస్తోంది. ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య మారని భాగాన్ని మళ్లీ రాయకుండా, మారినదాన్నే గుర్తుపెట్టుకోవడం అందులో ముఖ్యమైన కిటుకు. వెనకాల షామియానా కదలదు, పాప చేతులు కదులుతాయి. అలా కుదించేదీ, చూసేటప్పుడు మళ్లీ విప్పేదీ కోడెక్.

ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ కోడెక్‌లు కావు. అవి టిఫిన్ క్యారియర్ లాంటివి. ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో శబ్దం, వేరే గిన్నెలో సబ్‌టైటిల్స్. మీ ఫైల్లో శబ్దం ఏఏసీ రకం. దాన్ని విప్పడం విండోస్‌కి వచ్చు, అందుకే మాటలు వినిపిస్తున్నాయి. బొమ్మ మాత్రం హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265. అది విప్పే భాగం మీ ల్యాప్‌టాప్‌లో లేదు. ఫైలు పేరులో ఎంఓవీ తీసేసి ఎంపీ4 అని రాసినా ఉపయోగం ఉండదు, లోపలున్నది మారదు కదా.

మరి డబ్బెందుకు అడుగుతోంది? 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ మీద చాలా కంపెనీలకు పేటెంట్లు ఉన్నాయి. వాడుకున్నందుకు లైసెన్సు రుసుము కట్టాలి. ఈ గొడవతో విసిగిన గూగుల్, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్, మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలు 2015లో ఒక కూటమి కట్టి, 2018లో రుసుము అక్కర్లేని ఏవీ1 అనే కోడెక్‌ని తెచ్చాయి.

మీ పనికి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని ఎక్స్‌టెన్షన్ కొనక్కర్లేదు. వీఎల్‌సీ ప్లేయర్‌ని దాని అసలు సైటు వీడియోల్యాన్ నుంచే దించుకోండి. పారిస్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలైన ఈ ప్లేయర్ పూర్తిగా ఉచితం. కావాల్సిన కోడెక్‌లు దాని లోపలే ఉంటాయి. వీడియో నడుస్తుండగా కంట్రోల్, జె నొక్కితే ఏ గిన్నెలో ఏముందో చూపిస్తుంది. ఇకపై ఏ ఫైలు మొండికేసినా ముందు అది చూడండి.

ఉచిత ప్యాక్‌లు ఎందుకు వద్దన్నానంటే, వీడియో చూడాలంటే కోడెక్ వేసుకోండి అని నమ్మించి మాల్‌వేర్‌ని, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్‌ని, ఎక్కించడం చాలా పాత ఎత్తుగడ. 2005 ప్రాంతంలో జ్లాబ్ అనే ట్రోజన్ (మంచి సాఫ్ట్‌వేర్‌లా నటించే మాల్‌వేర్) అచ్చం ఇలాగే పాకింది.

ఇప్పటికీ వీడియో ఆగి ఆగి నడిస్తే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, జీపీయూ తెరిచి 'వీడియో డీకోడ్' గ్రాఫ్ చూడండి. అది కదలకుండా సీపీయూ మాత్రం నూరు శాతానికి వెళ్తోందంటే, మీ ల్యాప్‌టాప్ చిప్‌కి హెచ్‌ఈవీసీని విప్పే ప్రత్యేక భాగం లేకపోవచ్చు. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 అనే పాత కోడెక్‌లోకి మార్చుకోండి. కానీ ఒరిజినల్‌ని దయచేసి డిలీట్ చేయకండి. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. వాట్సాప్‌లో వచ్చిన కాపీని ఒరిజినల్ అనుకుని ఫోన్ ఖాళీ చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ముందు ముందు తీసేవి నేరుగా నడవాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోవచ్చు. అప్పుడు 60 ఎంబీ పట్టే నిమిషం సుమారు 130 ఎంబీ అవుతుంది. నేనైతే మార్చను.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లోని ఎంకేవీ ఫైలు కంప్యూటర్‌లో బాగుంది. టీవీకి పెడితే బొమ్మ వస్తోంది, శబ్దం లేదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: శబ్దం డీటీఎస్ అనే రకంలో ఉండి ఉంటుంది. చాలా టీవీలు దాన్ని విప్పవు. ముందు టీవీ మెనూలో ఇంకో ఆడియో ట్రాక్ ఉందేమో చూడండి. లేకపోతే అవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోకి 'కాపీ', ఆడియోకి ఏఏసీ, కింద ఎంపీ4 ఎంచుకుని సేవ్ చేయండి. బొమ్మని ముట్టుకోదు కాబట్టి నాణ్యత తగ్గదు, పని కూడా త్వరగా అయిపోతుంది.