రాకెట్ భాగాలను నిజంగానే మళ్ళీ వాడుతున్నారా? ఫ్లోరిడా తీరం నుంచి నా సమాధానం

ప్రశ్న: రాకెట్ పైకి వెళ్ళాక విడిపోయే భాగాలు ఏమవుతాయి? వాటిని వెనక్కి తెచ్చి నిజంగా మళ్ళీ వాడుతున్నారా, లేక అదంతా ప్రచారమేనా? దగ్గర నుంచి చూసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా? మన ఇస్రో ఈ విషయంలో ఎక్కడుంది?

నిజంగానే వాడుతున్నారు. ఒకే బూస్టర్‌ను (రాకెట్‌ను మొదట పైకి తోసే భాగాన్ని) 30 సార్లకు పైగా ఎగరేసిన మాట కూడా నిజమే. కాకపోతే వెనక్కి తేవడం వేరు, మళ్ళీ వాడటం వేరు. సముద్రంలో పడినదాన్ని లాక్కొచ్చి, ముక్కలు ముక్కలుగా విప్పి, దాదాపు కొత్తగా తయారుచేసినంత పని చేసి ఎగరేసినా "మళ్ళీ వాడాం" అంటారు. వారం పది రోజుల్లో పరీక్షలు చేసి ఎగరేసినా అదే మాట అంటారు. అసలు తేడా అంతా ఆ మధ్య జరిగే పనిలోనే ఉంది.

నాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) నుంచి రాకెట్ వెళ్తుందంటే ఊరంతా మేడలెక్కి చూసేవాళ్ళం. ఇప్పుడు ఫ్లోరిడాలో, రాకెట్లు ఎగరేసే కేప్ కెనావెరల్‌కు కారులో తేలిగ్గా వెళ్ళి రాగలిగినంత దూరంలో ఉంటున్నాను. చేసేది విమానాల మెయింటెనెన్స్ పని. అందుకే ఎగిరి వచ్చిన యంత్రం ఏది కనబడ్డా, దీన్ని మళ్ళీ ఎగరనివ్వాలంటే ఏం విప్పాలి, ఏం చూడాలి, ఎన్ని రోజులు పడుతుంది అనే వైపే నా ఆలోచన పోతుంది. నా సమాధానం కూడా ఆ కోణంలోనే ఉంటుంది.

ముందు మామూలు రాకెట్ సంగతి. మన పీఎస్‌ఎల్‌వీనే తీసుకోండి. పక్కన కట్టిన స్ట్రాప్‌ఆన్‌లు, మొదటి స్టేజ్, ఆ తర్వాతివి, పైన టోపీలా ఉండే ఫెయిరింగ్, అన్నీ పని అయిపోగానే విడిపోయి సముద్రంలో పడతాయి. ప్రయోగం రోజున మా వైపు మత్స్యకారులను వేటకు వెళ్ళవద్దని హెచ్చరించేది అందుకే. అవి ఎవరూ తిరిగి తెచ్చుకోని వస్తువులు. కొన్ని మునిగిపోతాయి, కొన్ని తేలుతూ ఎటో కొట్టుకుపోతాయి. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద గుమ్మటం లాంటి వస్తువు పీఎస్‌ఎల్‌వీ మూడో స్టేజ్‌దేనని అక్కడి అంతరిక్ష సంస్థ తేల్చింది.

ఇక వెనక్కి తెచ్చి వాడటమనేది ఎలాన్ మస్క్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. అమెరికా స్పేస్ షటిల్ 1981 నుంచే ఆ పని చేసింది. షటిల్ పక్కన రెండు తెల్లటి ఘన ఇంధన బూస్టర్లు ఉండేవి గుర్తుందా? ఒక్కోటి సుమారు 45 మీటర్ల పొడవు, లోపల దాదాపు 500 టన్నుల ఇంధనం. రెండు నిమిషాల్లో అదంతా మండిపోయి బూస్టర్లు విడిపోయేవి. ఒక్కోదానికి మూడు పెద్ద ప్యారాచూట్లు తెరుచుకుని, తీరానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, నాజిల్ (మంట బయటికి వచ్చే మూతి) కిందకు ఉండేలా నీళ్ళలో పడేవి. లోపల గాలి చిక్కుకుని ఉండటంతో నిలువుగా తేలేవి.

మా కాలనీలో ఒక పెద్దాయన ఉన్నారు, షటిల్ రోజుల్లో ఆ బూస్టర్లను విడదీసే పనిలో ఉండేవారు. ఆయన చెబుతుంటే గంటలు తెలియకుండా గడిచిపోతాయి. లిబర్టీ స్టార్, ఫ్రీడమ్ స్టార్ అని రెండు ఓడలు ముందే సముద్రంలోకి వెళ్ళి కాచుకుని ఉండేవి. డైవర్లు నీళ్ళలో దిగి నాజిల్‌లో ఒక పెద్ద ప్లగ్ బిగించేవాళ్ళు. దాని గుండా గాలి పంపితే లోపలి నీళ్ళు బయటికి పోయి, నిలువుగా ఉన్న బూస్టర్ మెల్లగా అడ్డంగా ఒరిగేది. అప్పుడు తాడు కట్టి లాక్కొచ్చేవాళ్ళు. పోర్ట్ కెనావెరల్‌కు వచ్చాక ఓడ పక్కకు కట్టుకుని, లాకులు దాటించి, హ్యాంగర్ ఏఎఫ్ అనే షెడ్డుకు చేర్చేవాళ్ళు. అక్కడ అసలు పని మొదలు. పేలుడు పదార్థాలు మిగిలుంటే తీసేయాలి. హైడ్రజీన్ అనే విష ఇంధనం అవశేషాలు ఉంటాయి, వాటిని జాగ్రత్తగా తొలగించాలి. ఉప్పు కడగాలి. పైన పూసిన వేడి నిరోధక పొరను అధిక పీడనంతో నీళ్ళు కొట్టి ఊడగొట్టాలి. తర్వాత ముక్కలుగా విప్పి, ఉక్కు సెగ్మెంట్లను రైలు మీద యూటా రాష్ట్రానికి పంపితే అక్కడ మళ్ళీ ఇంధనం నింపేవాళ్ళు.

ఆ పెద్దాయన పని గురించి విన్నాక నాకు వాళ్ళ మీద గౌరవం చాలా పెరిగింది. కానీ మెయింటెనెన్స్ కంటితో చూస్తే తిరిగి వస్తున్నది ప్రధానంగా ఉక్కు గొట్టం. దానికోసం రెండు ఓడలు, డైవర్లు, ఒక షెడ్డు, రైలు ప్రయాణం. ఉప్పునీరు తగిలిన ప్రతి భాగాన్నీ అనుమానంగానే చూడాలి. పైగా 1982 జూన్‌లో నాలుగో షటిల్ ప్రయోగంలో ప్యారాచూట్లు సరిగా పనిచేయక రెండు బూస్టర్లూ మునిగిపోయాయి. షటిల్‌కు ఉన్న పెద్ద నారింజ రంగు ట్యాంకునైతే ప్రతిసారీ వదులుకున్నారు.

ఇప్పుడు మస్క్ సంస్థ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9. ఇక్కడ నేను కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మేం రోజూ చూసేది ఇదే.

మొదటి స్టేజ్ కింద తొమ్మిది మెర్లిన్ ఇంజిన్లు ఉంటాయి. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ వాటి ఇంధనం. బయలుదేరిన రెండున్నర నిమిషాలకు పైభాగం నుంచి విడిపోతుంది. ఆ సమయంలో స్టార్‌లింక్ (వాళ్ళ ఇంటర్నెట్ ఉపగ్రహాల) ప్రయోగాల్లో వేగం గంటకు సుమారు 8 వేల కిలోమీటర్లు. విడిపోగానే చిన్న గ్యాస్ థ్రస్టర్లతో వెనక్కి తిరుగుతుంది. చిక్కటి గాలిలోకి దిగేముందు మూడు ఇంజిన్లు వెలిగి వేగం తగ్గిస్తాయి, లేకపోతే ఆ వేడికి, ఒత్తిడికి తట్టుకోలేదు. తర్వాత పైన జాలీ పలకల్లా ఉండే టైటానియం గ్రిడ్ ఫిన్‌లు గాలిలో దారి సరిచేస్తాయి. చివర్లో సాధారణంగా ఒకే ఇంజిన్ వెలుగుతుంది. ఇంధనం దాదాపు అయిపోయి బూస్టర్ ఎంత తేలికగా ఉంటుందంటే, ఆ ఒక్క ఇంజిన్‌ను ఎంత తగ్గించి నడిపినా దాని తోపు బూస్టర్ బరువు కంటే ఎక్కువే. కాబట్టి హెలికాప్టర్‌లా గాలిలో నిలబడి చూసుకుని దిగే వీలు లేదు. వేగం సున్నా అయ్యే క్షణానికి కాళ్ళు డెక్కును తాకాలి. ముందే సున్నా అయితే మళ్ళీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే గుద్దుకుంటుంది. ఇదంతా బయలుదేరిన ఎనిమిదిన్నర నిమిషాల లోపే అయిపోతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ చివరి క్షణాల్లో నాకు టెన్షన్ తగ్గలేదు.

మొదటిసారి ఇలా నేల మీద దిగింది 2015 డిసెంబర్ 21న. సముద్రంలో డ్రోన్ షిప్ (మనుషులు లేకుండా ఉండే, రాకెట్ దిగే ఓడ) మీద దిగింది 2016 ఏప్రిల్ 8న. ఆ రెండోసారి దిగిన బూస్టర్‌నే 2017 మార్చి 30న ఎస్‌ఈఎస్-10 ఉపగ్రహంతో మళ్ళీ పంపారు. అంటే మొదటి పునర్వినియోగానికి దాదాపు ఏడాది పట్టింది. 2025 మార్చిలో ఒక బూస్టర్ తొమ్మిది రోజుల తేడాతో రెండుసార్లు ఎగిరింది. ఒకే షటిల్ ఒకసారి బయలుదేరినప్పటి నుంచి మళ్ళీ బయలుదేరేదాకా పట్టిన అతి తక్కువ సమయం 54 రోజులు, అదీ 1985లో. ప్రచారమా, నిజమా అని అడిగారు కదా, నాకైతే ఈ రోజుల లెక్కే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం.

ఇది ఎలా సాధ్యమైంది? ముఖ్యంగా పొడిగా దిగడం వల్ల. ఉప్పునీళ్ళలో మునగదు, ఇంజిన్ల లోపలికి సముద్రం చేరదు. రాకెట్ ల్యాబ్ అనే సంస్థ తన చిన్న ఎలక్ట్రాన్ రాకెట్‌ను 2022 మేలో హెలికాప్టర్‌తో గాలిలోనే పట్టుకోవాలని ప్రయత్నించింది కూడా ఉప్పునీళ్ళను తప్పించడానికే. కొక్కెం తగిలింది కానీ బరువు తీరు తేడాగా ఉందని పైలట్ వెంటనే వదిలేశారు.

డ్రోన్ షిప్ మీద దిగిన బూస్టర్ మూడు నుంచి ఐదు రోజుల్లో పోర్ట్ కెనావెరల్‌కు చేరుతుంది. జెట్టీ పార్క్ పియర్ మీద నిలబడితే ఓడలు వచ్చే కాలువ పక్కనే ఉంటుంది. ఒక పక్క క్రూయిజ్ షిప్ మీద జనం చేతులూపుతూ వెళ్తుంటారు, అదే దారిలో నిలువుగా నిలబడ్డ రాకెట్ వస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళందరికీ ఆశ్చర్యం కలిగించేది దాని రంగు. తెల్లగా వెళ్ళినది కట్టెల పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా మసి పట్టి ఉంటుంది. దిగేటప్పుడు సొంత ఇంజిన్ల కిరోసిన్ మసిలోంచే రావాలి కదా. ఆ మసిని ప్రతిసారీ కడగరు కూడా. ఎగరడానికి అడ్డం రానిదాని మీద సమయం పెట్టరు. మా రంగంలో ఇది చాలా పెద్ద విషయం. ఏ పని చేయాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది చేయక్కర్లేదో రుజువులతో తెలుసుకోవడం అంతకన్నా కష్టం.

రేవులో క్రేన్‌తో పైకెత్తి స్టాండ్ మీద పెడతారు. నాలుగు కాళ్ళను ఒక్కొక్కటిగా పైకి మడుస్తారు. మొదట్లో వాటిని విప్పేసేవాళ్ళు, ఇప్పుడు అక్కర్లేదు. తర్వాత పడుకోబెట్టి, పొడవాటి ట్రెయిలర్ మీద షెడ్డుకు తీసుకెళ్తారు. అక్కడ ఇంజిన్లు, ట్యాంకులు, కాళ్ళు, వాల్వులు పరిశీలించి, అవసరమైనవి మార్చి, పైన కొత్త రెండో స్టేజ్ బిగిస్తారు.

సముద్రం ఎప్పుడూ సహకరిస్తుందని కాదు. 2020 మేలో ఇద్దరు వ్యోమగాములను పంపిన బూస్టర్ ఒకటి 19 సార్లు ఎగిరి, 2023 డిసెంబర్‌లో చక్కగా దిగి కూడా, తిరిగి వచ్చే దారిలో పెద్ద గాలులకు, అలలకు డెక్కు మీదే ఒరిగి విరిగిపోయింది. కొత్త బూస్టర్లకు ఎత్తుపల్లాలను తమంతట తామే సర్దుకునే కాళ్ళున్నాయి, దానికి ఆ మెరుగైన కాళ్ళు లేవు.

ఫెయిరింగ్ కథ కూడా బాగుంటుంది. ఉపగ్రహాన్ని కప్పే ఆ రెండు సగాల ఖరీదు సుమారు 60 లక్షల డాలర్లు. వాటికి ప్యారాచూట్లు పెట్టి, పెద్ద వల కట్టిన ఓడలతో గాలిలోనే పట్టుకోవాలని చూశారు. 2019 జూన్‌లో మొదటిసారి దొరికింది కూడా. కానీ నీళ్ళలో పడినవాటిని తీసి శుభ్రం చేసినా పనికొస్తున్నాయని తేలాక వలలు మానేశారు. ఇప్పుడు బాబ్, డగ్ అనే ఓడలు వాటిని నీళ్ళలోంచి తీసుకొస్తాయి. ఇంజిన్ ఉన్న భాగానికి ఉప్పునీరు పనికిరాదు, ఇంజిన్ లేని పెంకుకు పర్వాలేదు. ఏ భాగానికి ఏది సరిపోతుందో ఇలా పని చేస్తూనే నేర్చుకున్నారు.

ఊరికే వచ్చేది మాత్రం ఏదీ లేదు. దిగడానికి ఇంధనం మిగుల్చుకోవాలి, కాళ్ళు, ఫిన్‌ల బరువు మోయాలి. ఎత్తైన బదిలీ కక్ష్యకు (ఉపగ్రహాన్ని దాని చివరి ఎత్తుకు చేర్చే మధ్య దారికి) ఫాల్కన్ 9 బూస్టర్‌ను వదులుకుంటే 8.3 టన్నులు, వెనక్కి తెచ్చుకుంటే 5.5 టన్నులే తీసుకెళ్తుంది. రెండో స్టేజ్ ఇప్పటికీ వెనక్కి రాదు. కక్ష్య వేగం నుంచి దిగాలంటే వేడిని తట్టుకునే కవచం కావాలి, అంత బరువు మోస్తే పైకి పంపే సరుకే తగ్గిపోతుంది. స్టార్‌షిప్ అనే కొత్త పెద్ద రాకెట్‌తో ఆ సమస్యనే తీర్చాలని చూస్తున్నారు. దాని బూస్టర్‌ను 2024 అక్టోబర్ 13న టెక్సాస్‌లో టవర్ చేతులతో గాలిలోనే పట్టుకున్నారు, 2025 మేలో ఆ రకం బూస్టర్‌ను మొదటిసారి మళ్ళీ ఎగరేశారు.

మనకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. తెలంగాణ మూలాలున్న రాజా చారి కమాండర్‌గా 2021 నవంబర్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళింది అప్పటికే ఒకసారి ఎగిరిన బూస్టర్ మీద. అదే బూస్టర్ తర్వాత 30 ప్రయాణాలు దాటి అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎగిరినదైంది. నేను మొదట్లో చెప్పింది దాని గురించే.

ఇక ఇస్రో. వెనక్కి తేవడంలో అనుభవం మనకు తక్కువేం కాదు. 2007 జనవరిలో ఎస్‌ఆర్‌ఈ-1 అనే గుళిక 12 రోజులు కక్ష్యలో తిరిగి బంగాళాఖాతంలో దిగితే తీసుకొచ్చారు. 2016 మే 23న రెక్కల ఆర్‌ఎల్‌వీని (మళ్ళీ వాడగలిగే ప్రయోగ వాహనాన్ని) శ్రీహరికోట నుంచి పంపి, సముద్రం మీద దింపే పరీక్ష చేశారు. ఆ తర్వాత కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో చినూక్ హెలికాప్టర్ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో వదిలితే, తనంతట తానే రన్‌వే వెతుక్కుని దిగింది. 2023లో ఒకసారి, 2024 మార్చిలో, జూన్‌లో మళ్ళీ. దిగే వేగం గంటకు 320 కిలోమీటర్లకు పైనే, ప్రయాణికుల విమానాల కంటే ఎక్కువ. మార్చిలో దిగిన రెక్కల వాహనాన్నే, అందులోని ఫ్లైట్ సిస్టమ్స్‌నే, ఏ మార్పూ లేకుండా జూన్‌లో వాడారు. వార్తల్లో ల్యాండింగ్ వీడియోకే ప్రాధాన్యం ఇచ్చారు కానీ, నాకు అందులో ఎక్కువ ఆనందం కలిగించింది ఆ మాటే. అయితే అది కక్ష్య నుంచి దిగింది కాదు, ఆ పరీక్ష ఇంకా ముందుంది. మొదటి స్టేజ్‌ను మళ్ళీ వాడే కొత్త తరం రాకెట్ ఎన్‌జీఎల్‌వీకి కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ఆమోదం ఇచ్చింది. బూస్టర్ నిలువుగా దిగడం మన దగ్గర ఎప్పుడు చూస్తామా అని నేనూ ఎదురుచూస్తున్నాను.

ఫ్లోరిడా వైపు వచ్చేవాళ్ళు ఉంటే, లాంచ్ ఒక్కటే చూసి వెళ్ళకండి. డ్రోన్ షిప్ ప్రయోగం జరిగిన మూడో రోజు నుంచి ఓడల కదలికలు చూపే వెబ్‌సైట్లలో వెతికితే ఎప్పుడు రేవుకు వస్తుందో తెలుస్తుంది. జెట్టీ పార్క్‌లో పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి. బైనాక్యులర్స్ తెచ్చుకుంటే కింద ఇంజిన్ నాజిల్స్, కాళ్ళ దగ్గర కాలిన గుర్తులు స్పష్టంగా కనబడతాయి. బూస్టర్ నేల మీదికే తిరిగొచ్చే ప్రయోగం అయితే చిన్నపిల్లలకు ముందే చెప్పి ఉంచండి, అది దిగాక కొన్ని సెకన్లకు వచ్చే సోనిక్ బూమ్‌లకు (ధ్వని కంటే వేగంగా రావడంతో పుట్టే పేలుడు లాంటి చప్పుళ్ళకు) కిటికీలు కూడా అదురుతాయి.