టిఫిన్ సెంటర్ లాంటి చిన్న వ్యాపారానికి స్టాటిస్టిక్స్ ఎందుకు?

రాసుకున్న అమ్మకాల లెక్కలను బట్టి రేపు ఎంత సరుకు కావాలో అంచనా వేయడానికి. తిరుపతి బస్టాండు దగ్గర ఒక టిఫిన్ సెంటర్‌లో వారంలో అమ్మిన ఇడ్లీ ప్లేట్లు 190, 195, 200, 205, 210, 220, గరుడసేవ రోజున 600 అనుకుందాం. సగటు 260. ఆ లెక్కన రోజూ పిండి రుబ్బితే మిగతా ఆరు రోజులూ మిగిలి పులిసిపోతుంది. చిన్నది నుంచి పెద్దదాకా వరుసగా పేరిస్తే నడిమి అంకె 205. దీన్నే మధ్యగతం అంటారు. మామూలు రోజుకు నమ్మాల్సింది ఇదే. బ్రహ్మోత్సవాల రోజుల లెక్క విడిగా రాయండి, కలిపితే రెండూ చెడతాయి.

చాలామంది వదిలేసేది ఒకటుంది: ఇడ్లీ అయిపోయిన రోజున ఏ గంటకు అయిపోయిందో తప్పకుండా రాయాలి. లేకపోతే పుస్తకంలో అమ్మింది మాత్రమే ఉంటుంది, జనం అడిగి వెనక్కి వెళ్లింది ఉండదు.